చేతులు శుభ్రం చేసుకున్నారా అని సిస్టర్‌ని అడగొచ్చా?

ప్రశ్న: మా అత్తగారికి 72 ఏళ్లు, షుగర్ ఉంది. పడిపోయి తుంటి ఎముక విరిగితే కీలు మార్చే ఆపరేషన్ చేశారు. వారం నుంచి ఆస్పత్రిలో రాత్రీ పగలూ నేనే తోడుగా ఉంటున్నాను. సిస్టర్లు పక్క బెడ్ దగ్గర నుంచి నేరుగా వచ్చి క్యాన్యులా (నరంలోకి మందు ఎక్కించే సన్నని గొట్టం) పట్టుకోవడం, రౌండ్స్‌లో డాక్టర్లు వరసగా ఒక్కొక్కరినీ ముట్టుకుంటూ పోవడం చూస్తున్నాను. చేతులు కడుక్కోమని చెప్పాలని ఉంటుంది, నోరు రాదు. మావారితో అంటే "నువ్వు ఊరుకో, వాళ్లకి కోపం వస్తే అమ్మని సరిగా చూడరు. అయినా గ్లవ్స్ వేసుకుంటున్నారుగా" అంటారు. పక్క బెడ్ ఆవిడకి కుట్ల దగ్గర చీము పట్టిందని విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అడగొచ్చా? ఎలా అడగాలి? చూడ్డానికి వచ్చినవాళ్లందరినీ సబ్బుతో కడుక్కోమని పోరుతున్నాను. శానిటైజర్ సరిపోతుందా?

సమాధానం: అడగొచ్చండీ. అడగడం మీ హక్కు కూడా. ఆస్పత్రుల్లో చేతుల శుభ్రత గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోగుల్నీ వాళ్ల తరఫువాళ్లనీ ఈ పనిలో కలుపుకోవాలని ప్రత్యేకంగా రాశారు. కాబట్టి మీరేదో అధిక ప్రసంగం చేస్తున్నానని అనుకోవద్దు.

కాకపోతే ఎప్పుడు అడగాలి, ఏమని అడగాలి అన్నది తెలుసుకుని అడిగితే ఫలితం ఉంటుంది. ఎన్నిసార్లు కడుక్కున్నారు అన్నదాని కంటే ఏ క్షణంలో కడుక్కున్నారు అన్నదే ముఖ్యం. ఇది చాలామందికి, ఆస్పత్రుల్లో పనిచేసే కొందరికి కూడా, సరిగా పట్టుబడని విషయం.

మన చేతుల మీద రెండు రకాల క్రిములుంటాయి. ఒక రకం చర్మంలో స్థిరంగా ఉండిపోయేవి. వాటితో మామూలుగా పెద్ద ఇబ్బంది ఉండదు. రెండో రకం అప్పటికప్పుడు అంటుకునేవి. ఒక పేషెంట్ చర్మం నుంచో, మంచం పక్క కడ్డీ నుంచో, పరదా నుంచో చేతికొచ్చి, ఆ చెయ్యి తర్వాత ఎక్కడ ఆనితే అక్కడికి చేరతాయి. ఆస్పత్రి ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం ఈ రెండో రకంతో వచ్చేవే. కొన్ని మొండి క్రిములు పొడిగా ఉన్న వస్తువుల మీద కూడా రోజుల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి బతికి ఉంటాయి. అదృష్టం ఏమిటంటే చేతుల మీద ఇవి పైపైనే ఉంటాయి కాబట్టి సరిగ్గా రుద్దితే పోతాయి.

ఇప్పుడు మీ అత్తగారి మంచం దగ్గర ఏం జరుగుతుందో ఊహించండి. సిస్టర్ తలుపు దగ్గర శానిటైజర్ రాసుకుని లోపలికి వచ్చింది. పరదా పక్కకి లాగింది. మంచం కడ్డీ దించింది. సెలైన్ స్టాండ్ దగ్గరికి జరిపింది. జేబులో ఫోన్ మోగితే తీసి కట్ చేసింది. అప్పుడు క్యాన్యులా మూత తీసి ఇంజెక్షన్ ఎక్కించింది. తలుపు దగ్గర చేసిన శుభ్రం పరదా ముట్టుకున్న దగ్గరే అయిపోయింది. నేరుగా రక్తంలోకి దారి ఉన్న ఆ మూతని పట్టుకునే ముందు మళ్లీ రాసుకోవాలి. ఎవరూ బద్ధకించకపోయినా, అందరూ "కడుక్కున్నాం" అని నిజమే చెప్పినా, ఇన్ఫెక్షన్ ఇలాగే వస్తుంది.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు సందర్భాలు గీత గీసినట్టు చెప్పింది. పేషెంట్‌ని ముట్టుకునే ముందు. క్యాన్యులా, డ్రెస్సింగ్, యూరిన్ పైపు లాంటి వాటి మీద చెయ్యి వేసే ముందు. రక్తం, మూత్రం, చీము లాంటివి తగిలే అవకాశమున్న పని అయ్యాక. పేషెంట్‌ని ముట్టుకున్నాక. పేషెంట్‌ని అసలు ముట్టుకోకుండా చుట్టూ ఉన్న మంచం, టేబుల్, మానిటర్ మాత్రమే ముట్టుకున్నా, ఆ తర్వాత. ఇందులో మొదటి రెండూ మీ అత్తగారి కోసం. మిగతా మూడూ ముఖ్యంగా ఆ సిస్టర్ కోసం, తర్వాతి బెడ్ పేషెంట్ కోసం. ఎక్కడ లెక్క తీసినా, పని అయ్యాక చేతులు కడుక్కునేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు, ముందు కడుక్కునేవాళ్లు తక్కువ. మురికి మనకి అంటిందనిపిస్తే చెయ్యి దానంతటదే కుళాయి వైపు వెళ్తుంది. మన చేతి నుంచి ఇంకొకరికి అంటుతుందేమో అన్నది మాత్రం గుర్తు చేసుకుంటే గాని గుర్తు రాదు. మీరు గుర్తు చేయాల్సింది సరిగ్గా అక్కడే.

ఇక గ్లవ్స్ సంగతి. మీవారు అన్నమాట చాలామంది అంటారు, ఇది గట్టిగా ఖండించాల్సిన మాటే. గ్లవ్స్ ప్రధానంగా వేసుకున్నవాళ్ల చేతికి రక్షణ. పక్క బెడ్ దగ్గర వేసుకున్న గ్లవ్స్‌తోనే మీ దగ్గరికి వస్తే, కడగని చేతులతో వచ్చినట్టే. ఒక రకంగా అంతకంటే అన్యాయం, ఎందుకంటే గ్లవ్స్ ఉన్నాయన్న ధీమాతో అన్నీ ముట్టుకుంటారు. గ్లవ్స్‌కి కంటికి కనపడని చిల్లులుండొచ్చు, తీసేటప్పుడు బయటి మురికి చేతికి అంటొచ్చు. అందుకే వేసుకునే ముందూ, తీశాకా, రెండుసార్లూ చేతులు శుభ్రం చేసుకోవాలి. ఒక జత ఒక పేషెంట్‌కే. అదే పేషెంట్ దగ్గరైనా యూరిన్ బ్యాగ్ పట్టుకున్న గ్లవ్స్‌తో డ్రెస్సింగ్ విప్పకూడదు.

మీకు నోరు రాకపోవడంలో వింతేమీ లేదు. పెద్దవాళ్ల చేతులు శుభ్రంగా లేవని చెప్పడం ఎప్పుడూ కష్టమే. 1847లో వియన్నా జనరల్ హాస్పిటల్‌లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ ఉండేవాడు. అక్కడ రెండు కాన్పుల వార్డులుండేవి. మంత్రసానులు చూసే వార్డు కంటే డాక్టర్లు, మెడికల్ విద్యార్థులు చూసే వార్డులో బాలింతలు చాలా ఎక్కువగా జ్వరంతో చనిపోయేవారు. ఆ వార్డులో పడకుండా చూడమని గర్భిణులు కాళ్లు పట్టుకుని బతిమాలేవారట. అంతలో ఆయన స్నేహితుడైన ఒక ప్రొఫెసర్‌కి శవపరీక్షలో కత్తి గుచ్చుకుంది, ఆయనా చనిపోయాడు. ఆ శరీరంలో కనిపించిన మార్పులూ ఆ బాలింతల్లో కనిపించినవీ ఒకటే. సెమ్మెల్‌వైస్‌కి విషయం అర్థమైంది. డాక్టర్లు పొద్దున శవాలు కోసి, అవే చేతులతో కాన్పులు చేస్తున్నారు. మంత్రసానులకి శవపరీక్షల పని లేదు. వెంటనే గిన్నెలో బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పెట్టి, చేతులు కడగనిదే వార్డులోకి రావద్దన్నాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆ వార్డులో నూటికి 18 మంది తల్లులు చనిపోతే, మే నెలలో ఈ నియమం పెట్టాక వేసవి నెలల్లో అది నూటికి రెండు దరిదాపుల్లోకి వచ్చేసింది.

ఇంత చూపించినా తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. పేషెంట్‌ని చంపింది మా చేతులే అంటే ఎవరు ఒప్పుకుంటారు! ఆయన 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. డాక్టరు డాక్టర్లకి చెప్తేనే ఆ గతి పట్టిన మాట మీరు చెప్పబోతున్నారు. కాబట్టి కాస్త ఉపాయంగా చెప్పాలి.

మొదట ఒక విషయం. మీ కళ్ల ముందు రాసుకోనంత మాత్రాన రాసుకోలేదని కాదు. చాలా ఆస్పత్రుల్లో హ్యాండ్ రబ్ (శానిటైజర్) సీసా కారిడార్‌లోనే ఉంటుంది, అక్కడే రాసుకుని వస్తూ ఉండొచ్చు. అందుకని "మీరు చేతులు కడుక్కోలేదు" అని మొదలుపెట్టొద్దు. అది నేరం మోపినట్టుంటుంది. మీ భయాన్ని ముందుపెట్టండి. "సిస్టర్, అత్తయ్య గారికి షుగర్ కదా, ఇన్ఫెక్షన్ వస్తుందేమోనని నాకు ఒకటే టెన్షన్. క్యాన్యులా పట్టుకునే ముందు ఒకసారి శానిటైజర్ రాసుకుంటారా, ఇదిగో ఇక్కడే ఉంది" అని సీసా అందించండి. ఈ మాటలో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకదు. ఇంకా మొహమాటంగా ఉంటే మాట కూడా అక్కర్లేదు. ఆమె దగ్గరికి రాగానే మీరు మీ చేతులకి రాసుకుని, అదే ఊపులో సీసా ఆమె వైపు జరపండి. చాలామంది చెయ్యి చాపుతారు. డాక్టర్ల దగ్గర మొహమాటం ఇంకాస్త ఎక్కువ ఉంటుంది, సహజం. "డాక్టర్ గారూ, కుట్లు చూస్తారా? శానిటైజర్ ఇదిగోండి" అంటే చాలు. రౌండ్స్‌లో వెనకాల పదిమంది ఉన్నా ఇది అనొచ్చు, ఎందుకంటే ఇందులో ప్రశ్న లేదు.

ఒకసారి మీరిలా అన్నాక, రెండోరోజు ఆ సిస్టర్ తనంతట తాను రాసుకుంటే "థాంక్యూ సిస్టర్" అనండి. చూస్తున్నారని తెలుస్తుంది, గౌరవంగానూ ఉంటుంది. ఫోన్‌లో వీడియోలు మాత్రం తీయొద్దు. పేషెంట్‌కి ఊపిరి ఆడక, బీపీ పడిపోయి సిస్టర్లు, డాక్టర్లు పరుగులు తీస్తున్నప్పుడు అడ్డుపడొద్దు.

"కోపం వస్తే సరిగా చూడరు" అన్న భయానికి నా జవాబు ఇది. నర్సుల్లో ఎక్కువమందికి ఈ నియమాలన్నీ నాకంటే బాగా తెలుసు. తెలిసీ చేయలేకపోవడానికి పని ఒత్తిడి ఒక కారణం. ఐసీయూలో ఒక షిఫ్ట్‌లో చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాలు చాలా ఎక్కువ ఉంటాయి, చర్మం పగిలిపోతుంది కూడా. రెండో కారణం, సీసా అందుబాటులో లేకపోవడం. జెనీవా యూనివర్సిటీ హాస్పిటల్స్‌లో డాక్టర్ డిడియే పిటే బృందం సింక్ దాకా నడవక్కర్లేకుండా ఆల్కహాల్ హ్యాండ్ రబ్‌ని మంచం దగ్గరికే తెచ్చింది. దాంతోపాటు వార్డుల్లో పోస్టర్లు పెట్టారు, ఎంతమంది పాటిస్తున్నారో లెక్కతీసి వాళ్లకే చూపించారు. 1994లో నూటికి 48 సార్లు పాటించేవాళ్లు 1997 నాటికి 66 సార్లు పాటించారు. ఆస్పత్రి ఇన్ఫెక్షన్లు 1994లో నూటికి 17 మందికి ఉంటే, 1998 నాటికి 10 మందికి తగ్గాయి. అవే చేతులు, ఆ మనుషులే. కాబట్టి మీరు ఫిర్యాదు చేయాలనుకుంటే మనిషి మీద కాకుండా సీసా మీద చేయండి. బెడ్ దగ్గర హ్యాండ్ రబ్ లేకపోయినా, గోడకున్నది ఖాళీగా ఉన్నా, సింక్ దగ్గర సబ్బు అయిపోయినా వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చెప్పండి. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్స్ ఉన్నారా అని అడగండి. పెద్ద ఆస్పత్రుల్లో ఉంటారు, ఇలాంటి మాట విని సంతోషించే మనిషి ఎవరైనా ఉంటే ఆవిడే.

సబ్బా, శానిటైజరా అన్నారు. ఆస్పత్రిలో మామూలు సందర్భాల్లో ఆల్కహాల్ హ్యాండ్ రబ్బే మంచిది. త్వరగా అవుతుంది, క్రిములు ఎక్కువ చస్తాయి, మాటిమాటికీ వాడినప్పుడు సబ్బు కంటే చర్మాన్ని తక్కువ పాడుచేస్తుంది. 20 నుంచి 30 సెకన్లు పడుతుంది. సబ్బూ నీళ్లయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. అయితే చేతికి మురికి, రక్తం, మలం లాంటివి కనపడుతున్నా, టాయిలెట్‌కి వెళ్లొచ్చినా, పేషెంట్‌కి విరేచనాలు అవుతున్నా సబ్బూ నీళ్లే. యాంటీబయాటిక్స్ వాడుతున్నవాళ్లకి పట్టుకునే ఒక రకం విరేచనాల క్రిమి, క్లాస్ట్రిడియం డిఫిసిల్ అంటారు, గట్టి పెంకు లాంటి రూపంలో ఉంటుంది. ఆల్కహాల్ దాన్ని ఏమీ చేయలేదు. సబ్బుతో రుద్ది నీళ్లతో వదిలించుకోవాల్సిందే. వేణ్నీళ్లు అక్కర్లేదు, చర్మం ఎండిపోవడం తప్ప లాభం లేదు. కడిగాక తప్పకుండా పొడిగా తుడుచుకోవాలి, తడి చేతుల నుంచి క్రిములు మరింత తేలిగ్గా అంటుకుంటాయి. మంచానికి వేలాడదీసి పొద్దుట్నుంచీ అందరూ తుడుచుకుంటున్న టవల్ ఉంటే దాన్ని ముందు అక్కడినుంచి తీసేయండి. కడిగిన ఫలితం సగం అక్కడే పోతోంది.

శానిటైజర్ రెండు చుక్కలు వేసుకుని అరచేతులు రుద్దేసి "అయింది" అనేవాళ్లే ఎక్కువ. పది సెకన్లలో ఆరిపోయిందంటే చాల్లేదని అర్థం. అరచేతి గుంట నిండేంత తీసుకోవాలి. నర్సింగ్ శిక్షణలో ఒక చిన్న పరీక్ష పెడతారు. మామూలు వెలుగులో కనపడని, అతినీల లోహిత దీపం కింద మెరిసే లోషన్ చేతులకి పూసి, రోజూ కడుక్కునేట్టే కడుక్కోమంటారు. తర్వాత చీకట్లో ఆ దీపం కింద చేతులు పెడితే అరచేతులు శుభ్రంగా ఉంటాయి. బొటనవేలు చుట్టూ, వేళ్ల కొసలు, వేళ్ల సందులు మాత్రం నీలంగా మిలమిలలాడుతుంటాయి. కుడిచేతి వాటం వాళ్లకి కుడి బొటనవేలే మరీ మెరుస్తుంది. క్యాన్యులా మూత తిప్పేది ఆ బొటనవేలూ, ఆ వేలికొసలే. కాబట్టి అరచేతులు అయ్యాక వేళ్ల కొసల్ని అరచేతిలో గుండ్రంగా రుద్దండి, బొటనవేలిని రెండో చేతి గుప్పిట్లో పెట్టి తిప్పండి, చేతి వెనకవైపు మర్చిపోకండి. ఉంగరాల కింద క్రిములు దాక్కుంటాయి. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ తీసి ఇంట్లో పెట్టడం మేలు. గోళ్లు చిన్నవిగా ఉండాలి.

మీరు అడగనిది ఒకటి చెప్తాను. ఆ వార్డులో మీ అత్తగారిని రోజంతా అందరికంటే ఎక్కువసార్లు ముట్టుకునే చేతులు మీవే. సిస్టర్ రోజుకి పదిసార్లు వస్తే మీరు వందసార్లు ముట్టుకుంటారు. యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడం, తుడవడం, తినిపించడం, మధ్యలో ఫోన్. ఆ ఫోన్‌ని అయితే రోజుకొకసారైనా తుడవాలి. బ్యాగ్ ఖాళీ చేశాక సబ్బుతో కడగనిదే ఇంకేదీ ముట్టుకోకండి. బ్యాగ్ ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందనే ఉండాలి, కానీ నేలకి ఆనకూడదు. క్యాన్యులా, డ్రెస్సింగ్, పైపు అతుకులు మీరు తాకొద్దు, ఊడిపోతుంటే పిలవండి. పక్క బెడ్ ఆవిడకి సాయం చేసే అలవాటు ఉంటే, మంచి మనసే గాని, ఆమెకి చీము పట్టి ఉంది కాబట్టి ఈ కొద్ది రోజులూ ఆ పని సిస్టర్‌కి వదిలేయండి. చెయ్యి వేయక తప్పకపోతే ముందూ వెనకా రెండుసార్లూ శుభ్రం చేసుకోండి.

ఇంకొకరి చేతుల గురించి అందరూ మర్చిపోతారు. మీ అత్తగారి చేతులు! మంచం దిగలేని మనిషి సింక్ దాకా ఎలా వెళ్తుంది? బెడ్ పాన్ వాడాక, తినే ముందు, మందులు వేసుకునే ముందు ఆమె చేతులు మీరే శుభ్రం చేయాలి. సబ్బు తడిపిన గుడ్డతో తుడిచి, నీళ్లతో తుడిచి, ఆరబెట్టండి. లేదా హ్యాండ్ రబ్ రాసి ఆరేదాకా పట్టుకోండి. దురద పుడుతోందని ఆమె పట్టీ కింద వేలు పెడుతోందేమో కూడా చూడండి, నిద్రలో పెడుతుంటారు.

చూడ్డానికి వచ్చేవాళ్లని పోరడం మానకండి. వచ్చేటప్పుడొకసారి, వెళ్లేటప్పుడొకసారి హ్యాండ్ రబ్ చాలు. మంచం మీద కూర్చోనివ్వొద్దు. జలుబు, విరేచనాలు ఉన్నవాళ్లని ఫోన్‌లోనే పలకరించమనండి, దీనికి మొహమాటం అసలు వద్దు.

రోజూ రౌండ్స్‌లో ఇంకో ప్రశ్న కూడా అడగండి. "యూరిన్ పైపు, క్యాన్యులా ఇంకా అవసరమా డాక్టర్ గారూ?" ఒంట్లోకి పెట్టిన ప్రతి గొట్టం క్రిములకి ఒక దారే. అవసరం తీరిన రోజే తీసేయడం కంటే మంచి జాగ్రత్త లేదు, హడావుడిలో మరిచిపోతుంటారు కూడా. క్యాన్యులా ఉన్నచోట ఎర్రగా ఉన్నా, వాచినా, నొప్పి అన్నా వెంటనే చెప్పండి, డ్యూటీ మారేదాకా ఆగొద్దు.

మీవారికి చెప్పాల్సినది కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ధనిక దేశాల ఆస్పత్రుల్లో చేరిన ప్రతి వందమందిలో ఏడుగురికి, మిగతా దేశాల్లో 15 మందికి ఆస్పత్రిలోనే కనీసం ఒక ఇన్ఫెక్షన్ అంటుకుంటోంది. సిస్టర్ మొహం ఒక పూట చిన్నబోవడం, మార్చిన కీలులో చీము పట్టి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం. ఈ రెండింట్లో దేనికి భయపడాలో ఆయన్నే చెప్పమనండి. ఆయన వచ్చినప్పుడు సీసా ఆయన చేతికిచ్చి, డాక్టర్ గారికి ఆయన్నే అందించమనండి. అమ్మ కోసం కొడుకు అడిగితే మీ మీద భారం కూడా తగ్గుతుంది.

ఇంటికి వెళ్లాక కూడా కొన్నాళ్లు గమనించాలి. ఆపరేషన్ జరిగినచోట ఇన్ఫెక్షన్ నెల రోజుల లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు. కృత్రిమ కీలు పెట్టినవాళ్ల విషయంలో 90 రోజుల వరకూ చూస్తారు. కుట్ల చుట్టూ ఎరుపు పెరుగుతున్నా, వేడిగా ఉన్నా, చెమ్మ కారుతున్నా, జ్వరం వచ్చినా, తగ్గుతూ వస్తున్న నొప్పి మళ్లీ మొదలైనా, మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు మీరే వేసేయకుండా ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి చూపించండి. డ్రెస్సింగ్ మార్చడానికో, ఎక్సర్‌సైజులు చేయించడానికో ఎవరైనా ఇంటికి వస్తుంటే, వాళ్లకీ గుమ్మం దగ్గరే సింక్ చూపించండి.